మరదలికి కుట్టిన కార్డు

క్రిస్మస్ దగ్గరపడిందంటే ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద భోజనానికి చోటుండదు. రంగు కాగితాలు, జిగురు సీసా, మెరుపు పొడి, దూది, పాత కార్డుల ముక్కలు, వీటన్నిటి మధ్యా పాములా పాకుతూ దర్జీ టేపు. కాగితాన్ని టేపుతో కొలవొద్దని దర్జీకి భార్య పెళ్ళయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది. వింటేనా! నక్షత్రం గీయమంటే సుద్దముక్కతో గీస్తాడు. గీత పక్కన అరంగుళం వదిలి మరీ కత్తిరిస్తాడు, కుట్టులోకి పోవడానికట. కాగితానికి కుట్టేమిటయ్యా మహానుభావా అంటే, చెయ్యి అలవాటు అంటాడు.

"ఏమండీ, ఇది నక్షత్రమా, చంటిపిల్లాడి చొక్కానా? చేతులు కూడా పెట్టారు," అంది భార్య, రెండు కొమ్ములు పట్టుకుని ఆడిస్తూ.

"తలకాయ కూడా ఉందిగా."

"ఆఁ, దానికుంది. మీకే లేదు."

దర్జీ నవ్వేసి ఊరుకున్నాడు. ఈ ఎత్తిపొడుపులు అతనికి కొత్త కాదు. కానీ ఇదే బల్ల దగ్గర ప్రతి ఏడూ ఇంకో గొంతు కూడా వంత పాడేది. భార్య చెల్లెలిది. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు ఆ అమ్మాయి. పగలంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించడం ఉద్యోగం, సాయంత్రం ఇక్కడికొచ్చి తన నోరు తెరవడం కాలక్షేపం. ఆ వాగుడు చూసి బావే 'పిచుక' అని పేరు పెట్టాడు.

పోయిన క్రిస్మస్‌కి పిచుక సాయంత్రాలన్నీ కూర్చుని, వెదురు పుల్లలు కట్టి, పల్చటి కాగితం అంటించి, ఒక పెద్ద నక్షత్రం చేసింది. గుమ్మానికి కట్టింది. చుట్టాలందరూ వచ్చారు. ఒక కొమ్ము కాస్త పక్కకి వాలిందని మన దర్జీ కంట్లో పడింది. ఇంకేముంది! స్టూలెక్కి, నక్షత్రం దింపి, అందరి ముందూ కాగితం పరపరా పీకి, పుల్లలు విప్పి, సరిచేసి మళ్ళీ కట్టాడు. "ఇప్పుడు చూడండి, మనిషి చేసినట్టుంది," అన్నాడు పైగా. అందరూ గొల్లున నవ్వారు. పిచుక చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. అంతే, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. అక్కతో ఫోన్లో మాట్లాడుతుంది గానీ, బావ దగ్గు వినిపించినా చాలు, పెట్టేస్తుంది.

"అందరికీ కార్డులు నేను చేస్తాను," అంది భార్య కత్తెర పక్కన పెట్టి. "దాని కార్డు మాత్రం మీరే చెయ్యాలి. రంగు కాగితం దగ్గర్నుంచి లోపలి మాట దాకా అన్నీ మీవే. అది రాకపోతే ఈ ఏడు ఈ ఇంట్లో పండగే లేదు. ముందే చెప్పాను, తర్వాత నన్ననకండి."

నవ్వుతూనే మొదలుపెట్టింది గానీ చివరికొచ్చేసరికి మొహం పక్కకి తిప్పుకుంది. ఒక్కగానొక్క చెల్లెలాయె. దర్జీకి ప్రాణం చివుక్కుమంది. కాగితం తీసుకున్నాడు.

పైన దూదితో మంచు అంటించాడు. చీటీగుడ్డ ముక్కతో ఒక పిచుకను కత్తిరించాడు. అదంతా తేలికే. లోపల రాయడానికే తల ప్రాణం తోకకొచ్చింది. మొదట 'ఏదో పొరపాటు జరిగింది' అని రాశాడు. దానంతటదే జరిగినట్టు! సిగ్గేసి కొట్టేశాడు. దాని మీద ఇంకో కాగితం అంటించి, చివరికి ఇలా రాశాడు: 'పిచుకా, అందరి ముందూ నీ నక్షత్రం విప్పడం తప్పు. ఆ తప్పు నాది. నువ్వు రావాలి.'

ఇక పిచుక బొమ్మ ఊడకుండా ఉండాలి. జిగురంటే అతనికి చచ్చినా నమ్మకం లేదు. కార్డు తీసుకెళ్ళి మిషను మీద పెట్టి, ఎర్రదారంతో పిచుకను కుట్టి, పనిలో పనిగా మడిచిన కార్డు అంచు కూడా కుట్టాడు. కవరులో పెట్టి, తనే నడిచి వెళ్ళి మరదలి ఇంటి ముందు ఉత్తరాల పెట్టెలో వేసి, ఛాతీ విరుచుకుని వచ్చాడు.

"అంచంతా కుట్టేశా. జన్మలో ఊడదు," అన్నాడు.

"అంచంతా అంటే?"

"మూడు వైపులా. పైన వదిలేశాలే."

"మరి తెరవడం ఎలాగండీ?"

దర్జీ రెండు అరచేతులూ కార్డులా మూశాడు. తెరవబోయి ఆగిపోయాడు.

"అయ్యో నా రాత! అది కార్డు, చొక్కా జేబు కాదు!" భార్య కడుపు పట్టుకుని నేల మీద చతికిలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగిపోయింది. "ఏమండీ, మళ్ళీ వేళాకోళం చేశారనుకుంటుందేమో."

దర్జీ గభాలున లేచాడు. చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా మరదలి ఇంటికి పరిగెత్తాడు. పెట్టె ఖాళీగా ఉంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తాడు. తట్టి ఏం చెప్పాలి? మొహం చెల్లలేదు. కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చాడు. ఆ రాత్రి భార్య ఒక్క హాస్యమైనా ఆడలేదు. అతనికి దానికే భయమేసింది.

మర్నాడు సాయంత్రం అతను కాగితపు గొలుసు కడుతూ ఉండగా తలుపు ధడాలున తెరుచుకుంది. ఎదురుగా పిచుక, చేతిలో కార్డు.

"ఏంటి బావా ఇది? కార్డా, జేబా? ఇందులో చిల్లర వేసుకోనా?"

"అది కాదమ్మా, చెయ్యి అలవాటు..."

"ఒక కన్ను మూసి చూశా, కనపడలేదు. టార్చి వేసి చూశా, కనపడలేదు. ఆఖరికి మా డాక్టరుగారి చిన్నద్దం దూర్చి చూశా. పళ్ళ మధ్య పుచ్చు వెతికినట్టు వెతికితే 'తప్పు' అన్న ఒక్క ముక్క దొరికింది. తప్పు ఎవరిదో మాత్రం అడుగున ఉండిపోయింది. రాత్రంతా నాకు నిద్ర లేదు. నాదని రాశావా, నీదని రాశావా?"

పిచుక గొంతులో కోపం ఉంది గానీ, కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. దర్జీ కంగారుగా బ్లేడు అందుకున్నాడు.

"ఇలా ఇవ్వు తల్లీ. ఒక్క క్షణంలో విప్పేస్తా."

పిచుక కార్డును చటుక్కున గుండెలకు హత్తుకుని వెనక్కి జరిగింది. "ముట్టుకోకు! నాకు బ్లేడు దొరక్కనా? రాత్రి పక్కనే పెట్టుకుని కూర్చున్నా. చేతులు రాలేదు. వంకరో టింకరో, నువ్వు కూర్చుని చేసింది కదా బావా."

దర్జీ బ్లేడు కింద పెట్టేశాడు.  తలెత్తి మరదలి మొహంలోకి చూశాడు.

"తప్పు నాది," అన్నాడు.

"గట్టిగా చెప్పు. అక్కకి వినపడాలి."

భార్య వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ, "నాకు వినపడింది," అంది. "అయినా ఇంకోసారి చెప్పండి."

దర్జీ ఇంకోసారి చెప్పాడు.