గోరింటాకు చాటు వేళ్లు

శేషుకుమారి గోరింటాకు పొడిలో టీ డికాషన్ పోసి, నిమ్మకాయ పిండి, ముద్ద కలుపుతోంది. ముస్తాబుకి కాదు, వేళ్ల చివర కాలిన మచ్చలు కప్పుకోవడానికి. నువ్వుగింజంత బల్బుకి వెంట్రుకంత తీగ అతికించేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ అప్పుడప్పుడు వేలినీ పలకరిస్తుంది. ఆ ఇంట్లో ఆమె చెయ్యి అంత వెచ్చగా పట్టుకునేది అదొక్కటే మరి.

భర్త నాగేంద్రప్రసాద్‌ది మస్కట్‌లో పెద్ద కంపెనీ కొలువు. ఈమెది అదే ఊళ్లో వాదీ కబీర్ పేటలోని ఫ్లాట్‌లో దసరా బొమ్మల కొలువు. ఆయన కొలువుకి జీతం, ఈమె కొలువుకి "ఏం పనీ లేదా నీకు?" అన్న మాట. మెట్ల నడుమ అట్టతో కట్టిన మేడ. పెన్ను మూత లాంతరైంది, గాజుపూసలు షాండ్లియరయ్యాయి. మీట నొక్కితే ఆ మేడలో వంటిల్లు కూడా వెలుగుతుంది.

కిందటి దసరాకి పై అంతస్తు సింధూజ "ఈ దీపాలు ఎవరు చేశారాంటీ?" అని అడిగింది. "మా ఆయనే" అనేసింది శేషుకుమారి. "మెకానిక్కు చేతుల్లా అవేం వేళ్లు? నలుగురిలో నా పరువు తియ్యకు" అని ఆ రోజు పొద్దున ఆయన అన్న మాట అప్పటికింకా చెవిలో ఉంది. అయినా అబద్ధం ఆడింది తన నోరే. ఏడాదిగా ఆమెకి మింగుడుపడని సిగ్గు అదే. ఆయన కాదనలేదు. ఎవరో కుట్టిన చొక్కా వేసుకున్నట్టు ఆ పేరు తొడుక్కుని, గుండీలు కూడా పెట్టేసుకున్నాడు.

"శేషూ, సింధూజ పిల్లలకి ఇవాళ దీపాలు చెయ్యడం నేర్పుతానన్నాను. నువ్వు అన్నీ అతికించి ఉంచు, నేను మీట నొక్కి చూపిస్తా" అన్నాడు వంటింటి గుమ్మంలోంచి. మీట ఆయనకి, మోత ఈమెకి. వెళ్తూ వెనక్కి తిరిగాడు. "గోరింటాకు దట్టంగా పెట్టుకో. ఆ వేళ్లు చూస్తే తెలిసిపోతుంది."

అంటే ఆ మచ్చలు ఆయన ఏడాదిగా చూస్తూనే ఉన్నాడన్నమాట. చూసి, మందు రాయమనలేదు, కప్పుకోమన్నాడు. నిన్నటి పుండు మీద నిమ్మరసం చురుక్కుమంది. శేషుకుమారి ముద్దంతా సింకులో వేసి, కుళాయి తిప్పింది.

సాయంత్రం సింధూజ పిల్లలు మేడ చుట్టూ చేరారు. నాగేంద్రప్రసాద్ గొంతు సవరించుకుని మీట మీద వేలు పెట్టాడు.

"ఈసారి గోరింటాకు లేదేం ఆంటీ? నిరుడు ఎంత ఎర్రగా పండిందో. అంకుల్‌కి మీరంటే ఎంత ప్రేమో అనుకున్నాం" అంది సింధూజ, ఆమె చెయ్యి అందుకుంటూ.

శేషుకుమారి మొహం మండిపోయింది. వేళ్లు అలవాటుగా కొంగు వెతుక్కున్నాయి. ఆపింది.

"అది ప్రేమ కాదమ్మా, మచ్చలు కనబడకుండా పెట్టుకున్నాను. దీపాలు చేసేది నేనే. నిరుడు నీకు అబద్ధం చెప్పాను. పిల్లల్ని ఇలా నా దగ్గర కూర్చోబెట్టు."