గడపకు అడ్డంగా జోగమ్మ కాళ్లు

ఇలా దగ్గరకు జరగండి, ఆ ఫోను కాసేపు పక్కన పెట్టండి. మన కంచరపాలెంలో పసిపిల్లలకు నీళ్లు పోసే జోగమ్మ ఒక ఇంటి గడపకు అడ్డంగా కూర్చుండిపోయిన పొద్దు సంగతి చెబుతాను.

రైలు పట్టాల పక్క వీధుల్లో జోగమ్మ కాళ్ల మీద పడుకోని బిడ్డ లేదు. పీట మీద కూర్చుని కాళ్లు బారచాపి, బిడ్డను బోర్లా వేసుకుని, నూనె పట్టించి గోరువెచ్చని నీళ్లు పోసేది. సాంబ్రాణి పొగ వేసి తల్లి ఒళ్లో పెట్టేసరికి బిడ్డ నిద్రలో ఉండేది. నలభై ఏళ్లుగా అదే పని.

రోజారమణికి ఆడపిల్ల నెల ముందే పుట్టింది. గుప్పెడంత పిల్ల. ఆరు నెలలు నిండితే గానీ ఏ బిడ్డకూ ఫ్లూ సూది వేయరు. అందుకే జోగమ్మ తనే వేయించుకుంది. మందు ఒంటికి పట్టడానికి పదిహేను రోజులైనా కావాలని కాన్పుకు ముందే వెళ్లి వచ్చింది. నీళ్లు పోయవచ్చని డాక్టరు చెప్పిన పొద్దున జోగమ్మ వస్తే, రోజారమణి అత్త ఆదిలక్ష్మమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"సూది ఎయించుకున్నావంట గదా. ఆ మందులో జొరం మా పిల్లకి అంటించీత్తావేటి? ఎల్లు, ఎల్లు. నూకాల్ని రమ్మన్నాను."

నూకాలు కూడా పిల్లలకు నీళ్లు పోసేదే, జోగమ్మకు తోడికోడలు.

"ఓలమ్మా, అది సచ్చిన పురుగుతో సేసిన మందు వొదినా. సచ్చినది ఎవులికి అంటుకుంటాది?"

"పోయినేడూ ఎయించుకున్నావు. నీకు జొరం రాలేదేటి? మరి దేనికా పోటు?"

వీధి వీధంతా ఏడాదిగా ఇదే మాట. సూది జోగమ్మ అని పేరు కూడా పెట్టారు. ఎప్పుడూ నవ్వేసి ఊరుకునేది. ఆ పొద్దు ఊరుకోలేదు.

"వచ్చింది. రాలేదని నానన్నానా? నర్సమ్మ ఆశాజ్యోతి ముందే సెప్పింది. ఆ జొరం ఏడాదికో ఏసం కడతాది, మందేమో నెలల ముందే సెయ్యాల. ఒక ఏడు బాగా కుదురుతాది, ఒక ఏడు సగమే. అయినా ఆసుపత్రి మంచం ఎక్కేవోల్లు తగ్గుతారంట. మూడ్రోజులు తొంగున్నాను, నాలుగోనాడు నెత్తళ్ల సేపల పులుసు తిన్నాను. సూది ఎయించుకోని నూకాలు ఏటయ్యిందో దాన్నే అడుగు."

అంతలో నూకాలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని సందు మలుపు తిరిగింది. జోగమ్మ చటుక్కున గడప మీద కూర్చుని, నీళ్లు పోసేటప్పటిలాగే కాళ్లు బారచాపేసింది.

"ముక్కు కారతంది గదే నీకు?"

"జలుబే అక్కా."

"పోయినేడూ జలుబే అన్నావు. పది రోజులు ఆక్సిజన్ పెట్టినారు. నీ మంచం కాడ కూకున్నది నాను. ఇప్పుడా గుప్పెడు పిల్లని ఒళ్లోకి తీసుకుంతావేటి?"

"జరుగు జోగీ! ఈ గడప మాది," అని ఆదిలక్ష్మమ్మ అరిచింది.

"మీదే. జరగను. నీ కొడుక్కి ఈ కాల్ల మీదే నీల్లు పోసినాను. ఆడినే వచ్చి లెగదియ్యమను."

నూకాలు కొంగు దించింది. ముక్కు కందిపోయి ఉంది. "నాను ముట్టుకోను అప్పా. ఊపిరందకపోతే ఎలాగుంటాదో నాకు తెలుసు," అని ఆదిలక్ష్మమ్మతో చెప్పి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

అప్పుడు రోజారమణి పిల్లను ఎత్తుకుని వచ్చింది. అత్త ముఖం చూడలేదు. గడపకు అడ్డంగా చాచి ఉన్న ఆ కాళ్ల మీదే పిల్లను పడుకోబెట్టింది.

"నీల్లు సల్లారిపోతన్నాయి," అని గొణుక్కుంటూ ఆదిలక్ష్మమ్మ లోపలికి వెళ్లి బకెట్టు తెచ్చింది.

"ఒక్క మాట వొదినా," అంది జోగమ్మ, పిల్ల వీపు నిమురుతూ. "నా గొంతు గరగరమన్న రోజున నానే ఈ గడప తొక్కను. సూది ఉంది గదాని వచ్చీసే రకం కాదు నాను. వచ్చే ఏడు మల్లీ ఎయించుకుంతాను. సగమే పనిసేసినా ఎయించుకుంతాను. సూది జోగమ్మనే పిలవండి!"

సూది వేయించుకున్నా జ్వరం వచ్చిందిగా అని ఎవరైనా ఎకసెక్కమాడితే, నా తల్లులారా, ఈ కథ గుర్తు తెచ్చుకుని వాళ్లకూ చెప్పండి. నూకాలు వెనక్కి తిరిగి వెళ్లిన ముక్క మాత్రం వదిలెయ్యకండి.