ఏరేసిన సుద్దగింజలు

మొక్కజొన్న పరిశోధనా కేంద్రంలో కంకులు వలవడం నా పని. ముప్పై ఏళ్ళుగా అదే. అక్కడి డాక్టరమ్మ మూడేళ్ళుగా ఒక్కటే వెతుకుతోంది. గింజలో ప్రోటీను నిలవచేసే జన్యువు క్రోమోజోమ్ మీద ఎక్కడుందో తేల్చాలట. ఆమె గది గోడ మీద కాగితం, కాగితం మీద నిలువు గీత. అదే క్రోమోజోమట. ఊదారంగు గింజల జన్యువు ఉన్నచోట చుక్క పెట్టి ఉంది. ఆమె వెతికేదానికి చుక్క లేదు. నెలాఖరులోగా పెట్టకపోతే ఈ పని ఆపేస్తారు.

గింజలు లెక్కపెడితే చోటెలా తెలుస్తుందో నాకు అంతుపట్టలేదు. అడగనూ లేదు.

ఒకరోజు పిలిచింది. కింద లైటున్న గాజుబల్ల మీద నేను వలిచిన గింజలు పరిచింది. అన్నిటిలోంచీ వెలుగు వస్తోంది.

"తాతా, ప్రతి కంకిలో నాలుగో వంతు వెలుగు రానివ్వనివి ఉండాలి. ఆ జన్యువు చెడిన గింజలు సుద్దలా ఉంటాయి. ఊదావాటిలో ఎన్ని, తెల్లవాటిలో ఎన్ని అని చూస్తేనే చోటు తేలేది. నలభై కంకుల్లో పది కూడా లేవు. నాకు పిచ్చెక్కుతోంది."



"అవి తాలుగింజలు కదమ్మా. ఏరేశాను."

"ఏరేశారా?"

"విత్తనంలో తాలు ఉంచితే మా నాన్న వీపు విమానం మోత మోగించేవాడు."

ఆమె కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎక్కడ పోశారు?"

"వేరే మడుల తాలుతో కలిపి ఒకే బకెట్లో. ఏది ఏ కంకిదో తెలియదు."

ఇంట్లో మా ఆవిడకు చెప్పాను. "నా అన్నంలో రాళ్ళేరింది చాలక అక్కడ కూడా మొదలెట్టావా" అంది. నవ్వు రాలేదు. పనికిరాదని పడేసిందే కావలసిందెలా అయిందో ఎంత ఆలోచించినా తెగలేదు.

పొద్దున్నే షెడ్డంతా వెతికాను. గింజ సరిగా పట్టలేదని వలవకుండా పడేసిన కంకులు మూడు దొరికాయి. ఆమె ఎదుట కూర్చుని వలిచాను. సుద్దగింజ కనబడగానే నా బొటనవేలు దాన్ని పక్కకు నెట్టేస్తోంది.

"తాతా, వేలు."

మళ్ళీ లోపలికి తోశాను.

మధ్యాహ్నానికి లెక్క తేలింది. సుద్దగింజలు ఎక్కువగా తెల్లవాటిలోనే ఉన్నాయి.

"దూరంగా ఉంటే రెండు రంగుల్లోనూ ఒకే వంతున ఉండేవి. ఇది ఊదారంగు చుక్కకు దగ్గర్లోనే ఉంది తాతా. ఎంత దగ్గరో చెప్పడానికి ఈ మూడూ చాలవు."

పెన్ను తీసి, పక్కన పెట్టి, పెన్సిలుతో చిన్న చుక్క పెట్టింది.

"ఆపేస్తారా అమ్మా?"

"ఇది చూపించి ఇంకో పంట అడుగుతాను. ఇస్తే మీరే వలవాలి. ఏదీ ఎంచకండి, అంతే."

ఎంచకుండా ఎలా వలుస్తారో నాకు తెలియదు. సరేనన్నాను.