పట్టీకెక్కని పలక

చెల్లెలు ఉతికిన బట్టలు మడతపెడుతోంది. అక్క చొక్కా ఒక్కటే మూడుసార్లు విప్పి మళ్ళీ మడిచింది.

"ఆ చొక్కా ఏం పాపం చేసిందే? మడిచి మడిచి దాని ప్రాణం తీస్తున్నావు," అంది అక్క, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

చెల్లెలికి నవ్వు రాలేదు.

ఇద్దరిదీ ఒకే ప్రయోగశాల. అక్కడ కణాలు ఢీకొన్నప్పుడు చిమ్మిన తునకలు, పొరలుగా పేర్చిన సెన్సర్ పలకల్లోంచి దూసుకుపోతాయి. ఆ పలకలకి తలవెంట్రుకకన్నా సన్నని తీగలు అతికించేది అక్క. పలకల మీద పడ్డ చుక్కల్ని కలిపి తునక నడిచిన దారి గీసే ప్రోగ్రాం చెల్లెలి చేతిలో ఉంది. పలక పాడైతే దాన్ని చచ్చినవాటి పట్టీలో రాయాలి. అప్పుడు ప్రోగ్రాం అక్కడ చుక్క కోసం వెతక్కుండా ముందుకు సాగుతుంది. రాయకపోతే, చుక్క లేదు కనక ఆ దారే అబద్ధమనుకుని అప్పటికప్పుడే పారేస్తుంది. పారేసింది మళ్ళీ దొరకదు.

పట్టీకెక్కిన ప్రతి పలకకీ, తీగలు అతికించిన మనిషికి ఒక హెచ్చరిక చీటీ వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. మూడు చీటీలైతే బల్ల ముందునుంచి లేపేస్తారు. అక్కకి అప్పటికే రెండు వచ్చాయి.

"అక్కా, నీ పదిహేడో పలక చచ్చిపోయింది."

దువ్వెన ఆగింది. "ఎప్పుడే?"

"ఏడు నెలలైంది. నేను పట్టీలో రాయలేదు. ఒక్క పలకే కదా, ఏమవుతుందిలే అనుకున్నా. నీ పని పోతుందని..."

"ఏడు నెలలా! మరి దారులు?"

"దాని మీదుగా వెళ్ళినవి చాలావరకు పోయాయి. నిన్న పెద్దసారు పట్టుకున్నారు. తప్పంతా నాదేనని రాసిచ్చాను."

"నువ్వు రాసిస్తే నమ్మేస్తారా? అక్కే దాయించిందంటారు. పలక చస్తే చేతకానిదాన్ననేవాళ్ళు, అంతేగా! ఇప్పుడు దొంగనయ్యాను. పదకొండేళ్ళు ఊపిరి బిగబట్టి అతికించానే ఆ తీగలు!"

"నీకోసమేనక్కా."

"నేనడిగానా?"

అక్క సంచీ భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం కాలితో తడుముకుంది. చెల్లెలు వంగి అందించబోయింది. అక్క ఆమె చేతిలోంచి చెప్పు లాక్కుని తొడుక్కుంది. వెనక్కి చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.