నూటికి అరవై ఆరు మొలకలు

మొలక పరీక్షకు పెట్టిన తడి కాగితపు చుట్టల్లో మొదటిది విప్పినప్పుడే కనకరాజుకు అనుమానం వచ్చింది. యాభై గింజల్లో ముప్పై మూడే మొలిచాయి. మిగతావి ఉబ్బి, మెత్తబడి, వేలితో ఒత్తితే చిట్లిపోతున్నాయి. రెండోది విప్పాడు. అక్కడా అంతే. ఎనిమిది చుట్టలూ విప్పి నాలుగు వందల గింజలూ రెండుసార్లు లెక్కపెట్టేసరికి మెడ పట్టేసింది. నూటికి అరవై ఆరు. కనీసం తొంభై మొలిస్తేగాని మక్కజొన్న విత్తనం గోదాం దాటకూడదు.

నాచారంలోని ఆ విత్తనాల కంపెనీలో అతనికి ఏడేళ్లుగా ఇదే పని. ఆలేరు దగ్గరి ఊళ్లో బోరు ఎండిపోయి, ఉన్న ఎకరన్నర బీడు పెట్టి పట్నం వచ్చినవాడు. సేద్యం చేసినవాడు కదా అని మొలకల గదిలో పెట్టారు. గింజలకు పట్టించిన ఎర్రమందు వేళ్ల సందుల్లో ఇంకిపోయి, ఎంత కడిగినా అన్నం ముద్దలో ఆ వాసనే వచ్చేది. మొదట్లో తడి కాగితం మీద తెల్లటి వేరు కనబడితే సంబరపడేవాడు. ఇప్పుడు అంకె వేయడం, సంతకం పెట్టడం, ఇంటికి పోయి నడుం వాల్చడం, అంతే.

క్వాలిటీ ఆఫీసరు జనార్ధనరావు అంకె చూసి, కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నాడు. జూన్ నెల వచ్చిందంటే ఆయనకూ ఊపిరాడదు.

"సరిగ్గా లెక్కపెట్టావా?"

"రెండుసార్లు జూసిన సార్. పాత గింజ లెక్కనే ఉంది. నిరుడు మిగిలిన స్టాకేమో."

"సరే, మళ్లీ పెట్టు."

మళ్లీ పెడితే తేలడానికి ఇంకో ఏడు రోజులు. మూడో రోజే ఆ లాటు లారీలకెక్కింది. సంచులకు తొంభై శాతం అని అచ్చేసిన చీటీలు కుట్టి ఉన్నాయి. లోడు కాగితం మీద భువనగిరి, ఆలేరు, జనగామ అని రాసుంది. కనకరాజు అది చదివి టీ తాగడానికి బయటికి పోయాడు. రెండు గుక్కలు తాగి మిగతాది పారబోశాడు. ఏడో రోజు రెండో పరీక్ష విప్పితే అరవై ఐదు వచ్చింది. ఆ కాగితం ఏదని ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం భార్య తారామణికి చెప్పాడు. ఆమె మల్లాపూర్‌లో పచ్చళ్ల కంపెనీలో పొద్దంతా నిలబడి పని చేసి, వాచిన కాళ్లతో ఇల్లు చేరుతుంది.

"సారుకు చెప్పినవ్ గద. ఇగ నీ పని ఐపాయె," అంది. "బిడ్డ ఇంటర్ల చేరింది. ఇప్పుడు నౌకరి మీదికి తెచ్చుకోకు."

"ఈసారి వాన సుత లేదే. మొలవకపోతే వాన లేక మొలవలేదనుకుంటరు. తప్పు విత్తనందని ఎవ్వలకెరుక?"

"ఎవ్వలకు ఎరుక లేనిది నీ ఒక్కనికెందుకు? తిను."

అతను తిన్నాడు. ఆమె తప్పు మాట అన్నట్టు అనిపించలేదు. రెండు వేల తొమ్మిదిలో నాచారంలో ఆ మాత్రం నౌకరి ఉన్నందుకే ఊరివాళ్లు అతన్ని అదృష్టవంతుడనేవారు.

శనివారం పొద్దున ఊరి నుంచి అక్క సత్తమ్మ ఫోన్ చేసింది. భర్త పోయాక ఆమె రెండెకరాలు ఒక్కతే చేసుకుంటోంది.

"తమ్మీ, మొగులు జూస్తే సుక్క లేదు. సంచులు దెచ్చి ఇంట్ల పెట్టిన. నువ్వున్నవ్ గదా అని మీ కంపెనీదే కొన్న. ఇంకో ముగ్గురితోని గూడ అదే కొనిపిచ్చిన."

కనకరాజు మాటకు అడ్డొచ్చాడు. "సంచి మీద చీటీ ఉంటది. లాటు నంబరు సదువు అక్కా."

పొదుపు సంఘంలో సత్తమ్మ సంతకంతో పాటు అంకెలూ నేర్చుకుంది. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. నాలుగో అంకె దగ్గరే అది ఆ లాటేనని అతనికి తెలిసిపోయింది.

"వాన వడ్డా గానీ ఇత్తకు. రేపు నేనొస్తున్న."

ఆదివారం ఉప్పల్‌లో బస్సెక్కాడు. అక్కకు ఒక్కదానికే చెవిలో చెప్పి, సంచులు మార్చుకోమని, సాయంత్రం బస్సుకు తిరిగి రావాలనుకున్నాడు. తీరా పోయేసరికి ఆమె వాకిట్లో ఆమెతో పాటు విత్తనం కొన్న ముగ్గురు ఆడవాళ్లూ చాప వేసుకుని కూర్చున్నారు. అందరిలోకి పెద్దది రాజేశ్వరమ్మ. లేవకుండానే అడిగింది.

"కంపెనీల పనిజేస్తవట గదా కొడుకా. గీ గింజ మంచిదేనా?"

మంచిదంటే నోరు రాలేదు. కాదంటే ఉద్యోగం పోతుంది.

"నేను చెప్పుడెందుకు, మీరే జూసుకోన్రి," అన్నాడు చివరికి. "ఒక పాత చీర తెండ్రి."

చీరను ముక్కలుగా చింపి, తడిపి పిండాడు. ఒక్కో సంచిలోంచి వంద గింజలు తీయించి, మొన కిందికి వచ్చేలా ఒక్కో ముక్క మీద పది వరుసలు పేర్పించాడు. మెల్లగా చుట్టి, అటూ ఇటూ దారం కట్టి, నీడలో నిలబెట్టమన్నాడు. పొద్దూ మాపూ తడపాలి, ఏడో రోజు విప్పి లెక్కపెట్టాలి. తొంభైకి తక్కువొస్తే సంచి వాపసు.

"మా అమ్మ గింజలకు బూడిద గలిపి కుండల దాస్తుండె," అంది రాజేశ్వరమ్మ, గింజలు పేరుస్తూ. "గప్పుడు మొలుస్తదా లేదా అన్న ఫికరే లేదు. మన ఇంటి గింజ మనకెరుకనే. ఇప్పుడు చీటీ మీద రాసిందే నమ్ముడు."

"నా పేరు మాత్రం తీయకున్రి," అన్నాడు కనకరాజు. తిరుగు బస్సులో కిటికీకి తల ఆనించి ఉప్పల్ దాకా నిద్రపోయాడు.

ఏడో రోజు ఒక చీర ముక్కలో అరవై నాలుగు, ఇంకోదాంట్లో అరవై ఏడు మొలిచాయి. నలుగురూ ఆ తడి గుడ్డల్ని గంపలో పెట్టుకుని, సంచులతో సహా ఆటో ఎక్కి ఆలేరు పోయి, దుకాణదారు గల్లా పెట్టె మీద పరిచారు. చూడటానికి జనం గుమిగూడారు. దుకాణదారు లొల్లి వద్దని వేరే సంచులిచ్చాడు. ఇంకో వారం తిరిగేసరికి చుట్టుపక్కల ఊళ్ల వాళ్లూ గుడ్డలు పట్టుకుని వచ్చారు.

ఆ తర్వాత జనార్ధనరావు పిలిచాడు. దుకాణదారు పంపిన ఫోటో ఫోన్‌లో చూపించాడు.

"ఊళ్లో వాళ్లు ఇలా మొన కిందికి పెట్టి వరుసలు కడతారా కనకరాజూ?"

అబద్ధం చెప్పొచ్చు. దానికి కూడా ఓపిక లేదనిపించింది. "నేనే నేర్పిన సార్."

జనార్ధనరావు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "రేపట్నుంచి రావద్దన్నారు. నా చేతిలో ఏం లేదయ్యా. నాకూ పిల్లలున్నారు."

"ఎరుకే సార్. రెండో పరీక్ష కాగితం మీ సొరుగుల పెట్టిన. అరవై ఐదొచ్చింది."

తారామణి అరుస్తుందనుకున్నాడు. ఆమె గోడకానుకుని కూర్చుని కాళ్లు ఒత్తుకుంది.

"అక్క ఒక్కదానికే చెప్తే సాలకపాయెనా?"

"ముగ్గురు ముంగట కూసున్నరే. మొఖంల మొఖం బెట్టి అడిగిన్రు."

మూడో రోజు ఆమే ఎవరినో అడిగి, ఉప్పల్‌లో ఒక అపార్ట్‌మెంటుకు అతన్ని వాచ్‌మన్‌గా కుదిర్చింది.

ఆ ఏడు వానలు రాలేదు. వాపసిచ్చి తెచ్చుకున్న మంచి విత్తనం కూడా మోకాలెత్తు లేచి ఎండిపోయింది. చలికాలం మొదలయ్యాక సత్తమ్మ ఒక సంచి నెత్తిన పెట్టుకుని ఉప్పల్ వచ్చింది. గేటు పక్కన మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగింది.

"ఇంతజేస్తే ఏం ఫాయిదా అక్కా?" అన్నాడు కనకరాజు. ఎన్నో రోజులుగా లోపల నలుగుతున్న మాట. "నా నౌకరి పాయె, మీ పంటా పాయె."

"ఫాయిదా నాకేమెరుక తమ్మీ. కండ్లనీళ్లు రావట్టె చేను జూస్తే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గని నిరుడు గిట్లనే సగం మొలవకపోతే, నాకే ఇత్తుడు రాలేదని నన్ను నేనే తిట్టుకున్న. నాలుగు దినాలు తిండి దినలే. ఈసారి గట్ల తిట్టుకోలే."

సంచి విప్పి చూపించింది. పచ్చజొన్నలు. రాజేశ్వరమ్మ ఇంట్లో ఇంకా మిగిలున్న పాత విత్తనం అడుక్కుని, గట్టు పక్కన నాలుగు సాళ్లు పోసిందట. మక్క ఎండినా అవి కాస్త నిలబడ్డాయి.

"వచ్చే యేడు అరెకరం ఇవే ఏస్తం. మేం పండిచ్చే మక్కలు కోళ్ల దాణాకు పోవట్టె, మేమేమో కంట్రోలు బియ్యం తినవట్టె. జర మేం దినేది గూడ పండిచ్చుకోవాలె గద."

"దానికి ధర రాదక్కా."

"అమ్మనీకి కాదు. తిననీకే."

కనకరాజు వాదించలేదు. అరెకరం జొన్నతో ఊరు నిలబడుతుందని అతనికి నమ్మకం కలగలేదు. ఆమెకూ అంత నమ్మకం ఉన్నట్టు లేదు. మర్నాడు తెలంగాణ బంద్ అంటున్నారని బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. ఆమెను తోసి ఎక్కించి, కిటికీలోంచి చేయి ఊపేదాకా నిలబడి, డ్యూటీకి వచ్చాడు.

ఆదివారం తారామణి జొన్నలు పట్టించుకొచ్చి రొట్టెలు చేయబోయింది. ఎన్నేళ్లయిందో, చేయి మర్చిపోయింది. మొదటి మూడు పెనం మీదే విరిగాయి. ఆ ముక్కలే పచ్చడితో ఇద్దరూ నేల మీద కూర్చుని తిన్నారు.

"మళ్ల జూన్ల ఊరోళ్లు పిలుస్తరా నిన్ను, గింజలు పెట్టి గుడ్డలు సుట్టనీకి?" అడిగింది ఆమె.

"పిలుస్తరేమో. జనగామ దిక్కు నుంచి గూడ ఎవరో నా నంబరు అడిగిన్రట."

"పో. కాకపోతే ఈసారి నాకు జెప్పి పో," అని, ఇంకో ముద్ద పిండి తీసుకుని తట్టసాగింది.