బోర్డు మీద చోటు

తాళాల దుకాణానికి కొత్త బోర్డు రాయించాలని ముసలాయన పట్టుబట్టాడు. పైన ఇంటిపేరు, దాని కింద దుకాణం పెట్టిన ముత్తాత పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు. అల్లుడి పేరు మాత్రం ఉండకూడదు. ఇల్లరికం వచ్చిన ఆ అల్లుడు మొదటినుంచీ ఆయనకు కంట్లో నలుసు. దుకాణంలో పనంతా అతనే చేస్తాడు. అయినా నలుసు నలుసే.

"ఆయన పేరు లేకపోతే ఆదివారం వేరే ఇంటికి పోతాం నాన్నా," అంది కూతురు. అప్పుడే సామాన్లు కట్టడం మొదలుపెట్టింది.

"పరాయింటివాడి పేరు మన బోర్డు మీదా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు."

కూతురు పోతే ఇంత ఉడకేసి పెట్టే దిక్కు లేదని ఆయనకు తెలుసు. తనకంటే ముందు పోయి భార్య ఒక ద్రోహం చేసింది. ఇది రెండోది.

చిక్కల్లా ముత్తాత తల్లిదండ్రులెవరో ఎవరికీ తెలియకపోవడం. పాత పెళ్ళిళ్ళ రికార్డులుండే ఆఫీసుకు వెళ్ళాడు. అక్కడి గుమస్తా పెళ్ళికొడుకుల పట్టికలో ఆ ఇంటిపేరు కింద ఆసాంతం వెతికింది. ముత్తాత జాడ లేదు.

"పెళ్ళికూతురి వైపు చూద్దామా బాబాయిగారూ?"

"మా వంశంలో మగాళ్ళు ఆడవాళ్ళ చాటున ఉండరమ్మా."

"చూస్తే పోయేదేముంది?" అంటూ ఆవిడ ఇంకో పుస్తకం తెరిచింది.

ముత్తాత భార్య ఇట్టే దొరికింది. ఇంతకాలం ఆయన మీసం మెలేసి చెప్పుకున్న ఇంటిపేరు ఆమె పేరు ముందు నిక్షేపంలా ఉంది. పక్కన ముత్తాత పేరు, ఇంకేదో ఇంటిపేరుతో. ముత్తాత తండ్రి ఊరూరా తిరిగి కత్తులు సానపట్టేవాడు. తల్లి ఇళ్ళలో అంట్లు తోమేది. వరుడు మామగారింటనే ఉండి, మామగారి తాళాల దుకాణం చూసుకుంటూ, ఆయన ఇంటిపేరే పెట్టుకొనుటకు అంగీకరించినాడని కింద రాసి ఉంది.

"ఇల్లరికం వెళ్ళారన్నమాట! పోన్లెండి, తల్లిదండ్రులు దొరికారుగా. నకలు ఇమ్మంటారా?"

"అక్కర్లేదు. వీడెవడో వేరేవాడు," అని లేచాడు ముసలాయన.

దుకాణం ముందు పెయింటరు నిచ్చెనెక్కి ఉన్నాడు. ఇంటిపేరు, ముత్తాత పేరు అప్పటికే రాసేశాడు.

"మిగతా పేర్లు తెచ్చారా పెద్దాయనా?"

"ఉన్నవే చెరిపెయ్. 'ఇక్కడ తాళాలు బాగుచేయబడును' అని రాయి, చాలు. తాళంచెవి పోగొట్టుకుని వచ్చినవాడికి మన వంశవృక్షం ఎందుకు?"

బయటికొచ్చిన కూతురు ఖాళీ అయిన బోర్డును చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా ఆయన మనసు కష్టపడకూడదని తాత ముత్తాతల్నే తీసేశావా నాన్నా!"

ముసలాయన ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఏం చెయ్యను మరి? కడుపుతీపి," అన్నాడు.

ఆమె సామాన్లు విప్పడానికి లోపలికి పరుగెత్తింది. దుకాణంలోంచి అల్లుడు వచ్చి మామగారి చేతులు పట్టుకున్నాడు.

"మీది ఇంత పెద్ద మనసనుకోలేదు మామయ్యా..."

"సర్లే, వెళ్ళి పని చూడు," అని కసిరాడు ముసలాయన. "ఇల్లరికం వచ్చినవాళ్ళకి ఒళ్ళు వంగదు గానీ కబుర్లకేం తక్కువ లేదు."