ఆషాఢంలో వేలాడిన టులెట్ బోర్డు

నేను ఒక టులెట్ బోర్డును. అంతకు ముందు నూనె డబ్బాను. కాకినాడలో ఒక పెయింటరు నన్ను కోసి, సాపు చేసి, పచ్చరంగు పూసి, ఎర్రటి అక్షరాలతో 'ఇల్లు అద్దెకు ఇవ్వబడును' అని రాశాడు. వెనకవైపు వేరుశనగకాయ బొమ్మ అలాగే ఉంచేశాడు. అందుకే నాకు రెండు మొహాలు. మనుషులకు ఉన్నన్ని లేవు.

నన్ను మొదట కొన్నది ఒక ఐదంతస్తుల మేడ యజమాని. మేడంతా అప్పు. అద్దెలే వాయిదాలు కట్టేస్తాయని అందరికీ చెప్పేవాడు. మూడు వాటాలు ఖాళీ అయ్యాయి. ఎనిమిది నెలలు గేటుకు వేలాడాను. పొద్దున్నే నన్ను చూసి తల తిప్పుకునేవాడు. నేనేం చేశాను? నా మీద రాసిందే చెప్పాను. చివరికి మేడ వేలానికి, నేను పాత ఇనుప సామాన్ల కొట్టుకు పోయాం.

అక్కడ నన్ను తూకానికి కొన్నవాడు తాతబ్బాయి. అతనికి పిండిమర ఉంది. డ్రమ్ముకు మూత కావాలి. అతని భార్య నూకరత్నం నన్ను చూసి నవ్వింది.

"గుండ్రటి డ్రమ్ముకి నలుచదరం రేకు తెచ్చావేంటి మావా?"

"తూకానికిచ్చాడే. మూలలు ఊరికే వచ్చినట్టు."

ఆరేళ్లు హాయిగా బతికాను. శనగపిండి రోజు కమ్మగా ఉండేది. కారం రోజు అందరూ తుమ్మేవారు, నేను తప్ప.

మర వెనకే వాళ్ల ఇల్లు. పక్కన ఐదు వేలకు అద్దెకిచ్చిన చిన్న వాటా. ఒక వేసవిలో తాతబ్బాయికి పైన కూడా వాటాలు వేయాలని బుద్ధి పుట్టింది. సత్తిరాజు మేస్త్రీ వచ్చి నా వీపు మీదే సుద్దతో లెక్క వేశాడు.

"పైన మూడు వాటాలండి. పద్దెనిమిది లక్షలు అప్పండి. నెలకి ఇరవైమూడు వేలు వాయిదా. పైన అద్దె పద్దెనిమిది, కిందది ఐదు. సరిపోయిందాండీ? మీ చేతిది పైసా పడదు. ఇంటితోపాటు మర కూడా తాకట్టు పెడితే వారంలో డబ్బులండి, ఆయ్."

పిండి జల్లిస్తున్న నూకరత్నం తల ఎత్తింది.

"ఆషాఢంలో కొత్తింట్లో పాలు ఎవరు పొంగిస్తారు మేస్త్రిగారూ?"

"ఎవరూ దిగరమ్మా."

"భాద్రపదంలో? పుష్యంలో?"

"అప్పుడూ అంతేనండి."

"మరి బ్యాంకోళ్లకి ఆషాఢం ఉంటాదా?"

మేస్త్రీ సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. తాతబ్బాయికి మాత్రం ఆశ చావలేదు. మర పోతే ఇద్దరికీ అన్నం లేదని తెలుసు. అయినా రోజూ డాబా ఎక్కి, లేని గదుల్లో తిరిగి వచ్చేవాడు.

జ్యేష్ఠం చివర్లో కింద వాటావాళ్లు ఖాళీ చేశారు. నూకరత్నం నా మీద పిండి తుడిచి గేటుకు కట్టింది. ఒక బిస్కెట్ల డబ్బా మొగుడి చేతిలో పెట్టింది.

"మేడ కట్టేశావనుకో మావా. అప్పు తెచ్చేశావనుకో. వాటాలన్నీ ఖాళీ. ఈ బోర్డు గేటుకున్నన్నాళ్లూ మన తిండి పోను మర మీద మిగిలింది ఇందులో వెయ్. నెలకి ఇరవైమూడు వేలు పడితే మూడూ కట్టుకుందాం."

"పడకపోతే?"

"పడినంతే వాయిదా. దానికెంతొస్తే అంతే అప్పు."

మళ్లీ గేటు. నాకు పాత మేడ గుర్తొచ్చింది. ఆషాఢమంతా వానలో నన్ను చదివినవాళ్లు చదివినట్టే పోయారు. మొదటి వారం తాతబ్బాయి కూడా నన్ను చూసి తల తిప్పుకున్నాడు. అయిపోయింది, మళ్లీ తూకమే అనుకున్నాను. నెలాఖరుకి డబ్బాలో పది వేలు. శ్రావణంలో వ్రతాల పిండి బాగా ఆడింది, పదమూడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లకు మర చప్పుడు నచ్చలేదు. భాద్రపదంలో ఎవరూ రాలేదు. తొమ్మిది వేలు పడ్డాయి.

ఆ మూడో నెలలోనే ఒక పొద్దున తాతబ్బాయి స్నానం చేసి వచ్చి, ఈలవేసుకుంటూ తడి తువ్వాలు నా మీద ఆరేసి పోయాడు. నేను ఏం బోర్డునో కూడా చూడలేదు. అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

"మరి వాయిదాకి ఏ నెల లెక్కండీ?" అని మేస్త్రీ వచ్చి అడిగాడు.

"తక్కువ పడిన నెల," అన్నాడు తాతబ్బాయి. నూకరత్నం చేతిలో జల్లెడ కొంచెం జోరుగా ఊగింది.

నెలకు తొమ్మిది వేల వాయిదాకు ఏడు లక్షల అప్పు వచ్చింది. తాకట్టుకు ఇంటి కాగితాలు చాలన్నారు బ్యాంకువాళ్లు. మర జోలికి ఎవరూ రాలేదు. పైన ఒక్క వాటా లేచింది. వైశాఖంలో కొత్త జంట దిగి పాలు పొంగించారు. మరీ పొంగించారేమో, గట్టు మీద నుంచి కారి మెట్ల దాకా వచ్చాయి. నూకరత్నం కొంగుతో తుడుస్తూ నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు నేను ఎక్కువగా డ్రమ్ము మీదే ఉంటాను. ఏ వాటా ఖాళీ అయినా గేటుకు పోతాను. పోయిన వెంటనే నా మీదకు తువ్వాలు వస్తుంది.

"బోర్డు కనపడకపోతే ఎవరొస్తారు మావా?"

"వచ్చేవాళ్లు శ్రావణంలో వస్తార్లే. ముందు తువ్వాలు ఆరనీ."